పొగ తక్కువ పొయ్యిలు ఇస్తామని ఒక సంస్థ మా ఊరికి వచ్చింది, తీసుకోవాలా వద్దా?

కొండదారి (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది పాడేరు దాటి ఇంకా లోపలికి వెళ్లాల్సిన ఊరు. మా అక్క ఇక్కడ డ్వాక్రా సంఘాలకు వీఓఏగా, అంటే సంఘాల పనులు చూసే సహాయకురాలిగా చేస్తోంది, అందుకని ఊళ్లోకి ఏ స్కీము వచ్చినా ముందు మా ఇంటికే వస్తారు. ఈమధ్య ఒక సోషల్ ఎంటర్‌ప్రైజ్ వాళ్లు వచ్చారు. పొగ తక్కువ వచ్చే ఇనుప పొయ్యి, కట్టెలు సగానికి సగం ఆదా, బయట కొంటే మూడు వేలు, మీకైతే 300 కడితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు. సంఘం మీటింగులో పెట్టి అందరినీ ఒప్పించమని అక్కని అడుగుతున్నారు. ఇంటికొక కాగితం మీద సంతకమో వేలిముద్రో కావాలట. ఆ కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. నేను చదివితే, ఈ పొయ్యి వాడటం వల్ల వచ్చే కార్బన్ హక్కులన్నీ సంస్థకు ఇచ్చేస్తున్నాం అని రాసి ఉంది.

మా ఇళ్లలో వంట ఎలా ఉంటుందో చెప్తే మీకు సంగతి అర్థమవుతుంది. మూడు రాళ్లు, వాటి మధ్య చేతి మందాన మొద్దు ఒకటి, దాని పక్కన పుల్లలు. మొద్దు కాలినకొద్దీ అమ్మ దాన్ని లోపలికి ఎగదోస్తూ ఉంటుంది, మిగతా సమయంలో తన పని తను చేసుకుంటుంది, పొయ్యి దగ్గరే కాపలా కూర్చోవాల్సిన పని లేదు. చోడి (రాగి) అంబలి కుండ దించాక అదే నిప్పు మీద స్నానాలకు నీళ్లు పెడుతుంది. చలికాలం అయితే ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే. పొయ్యికి పైన కట్టిన దండెం మీద విత్తనం మొక్కజొన్న కంకులు వేలాడుతుంటాయి, పొగ తగిలితే పురుగు పట్టదని. అంటే పొయ్యి మాకు వంటకి ఒక్కదానికే కాదు. కానీ అమ్మకి ఏడాది పొడుగునా దగ్గు, కళ్ల వెంట నీళ్లు. వంటింటికి కిటికీ లేదు, పొగంతా గడ్డి కప్పు సందుల్లోంచే పోవాలి.

గ్యాస్ కూడా ఉంది. ఉందంటే ఉంది. సిలిండర్ అయిపోతే కిందికి వెళ్లి ఆటోలో తెచ్చుకోవాలి, అందుకని టీకి, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే వెలిగిస్తాం.

నేను అడిగేది ఏంటంటే, ఈ పొయ్యిలు నిజంగా పనిచేస్తాయా? 300కి మూడు వేల వస్తువు ఎలా ఇస్తున్నారు? ఆ కాగితం మీద సంతకం పెడితే రేపు అడవి హక్కులకి, పట్టాలకి ఏమైనా ఇబ్బందా? ఊళ్లో ముసలివాళ్లకి ఆ భయమే ఎక్కువగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, అక్క మీద చాలా ప్రెషర్ ఉంది.

నిప్పు_లెక్క

హైదరాబాద్‌లో పొయ్యిల టెస్టింగ్ పని కొన్నాళ్లు చేశాను. పనిచేస్తాయా అన్న ప్రశ్న వరకు చెప్తాను.

మీరు చెప్పిన మూడు రాళ్ల పొయ్యిలో కట్టెలోని వేడి నూటికి పది పదిహేను పాళ్లే గిన్నెకి చేరుతుంది, మిగతాది పక్కలకి పోతుంది. వాళ్లు చూపించింది బహుశా రాకెట్ పొయ్యి రకం. కట్టె పెట్టే నోరు పక్కన ఉండి, లోపల మంట నిలువుగా లేచే గొట్టం ఉంటుంది, ఆ గొట్టం చుట్టూ వేడి బయటికి పోకుండా ఒక పొర ఉంటుంది. లోపల బాగా వేడెక్కడంతో పొగగా పోవాల్సినది కూడా అక్కడే మండిపోతుంది. కట్టె కింద చిన్న జల్లెడ ఉంటుంది, దాని కిందినుంచి గాలి వస్తుంది. ఇదీ అందులో ఉన్న విద్య. మన దేశంలో దీనికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది, ఐఎస్ 13152. ఫ్యాన్ లేని పొయ్యికి కనీసం 25 శాతం, ఫ్యాన్ ఉన్నదానికి 35 శాతం ఎఫిషియన్సీ ఉండాలి, అంటే కట్టె వేడిలో అంత భాగం గిన్నెకి చేరాలి. వాళ్లని మొహమాటం లేకుండా ఆ టెస్ట్ రిపోర్ట్ కాపీ అడగండి. ఉన్నవాళ్లు ఇస్తారు.

అయితే ఆ నంబరు ల్యాబ్‌లో వచ్చింది అని గుర్తుంచుకోండి. అక్కడ ఎండిన కట్టెని బొటనవేలి లావున ఒకే సైజులో చీల్చి, ఒక మనిషి పక్కనే కూర్చుని పెడుతూ ఉంటాడు. మీ అమ్మగారు చేతి మందం మొద్దు పెట్టి పనికి వెళ్లిపోతారు అన్నారు కదా, ఆ మొద్దు ఈ పొయ్యి నోట్లో పట్టదు. కట్టె చీల్చే పని కొత్తగా వచ్చి పడుతుంది, అది ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలుసు. నోరు నిండా కుక్కితే గాలి ఆడక మూడు రాళ్ల పొయ్యి కన్నా ఎక్కువ పొగ వస్తుంది, ఇది నేను కళ్లారా చూసిన విషయం. పచ్చి కట్టె అయితే ఇక చెప్పనక్కర్లేదు.

ఇది మనకి కొత్త సంగతి కూడా కాదు. 1950ల్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు గారు పొగగొట్టంతో మట్టి పొయ్యి తయారుచేశారు, హెర్ల్ చుల్హా అని దానికి పేరు. 1983 నుంచి 2002 దాకా కేంద్ర ప్రభుత్వం పొగలేని పొయ్యిల కార్యక్రమం నడిపి దేశం మొత్తం మీద మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. మీ ఊరి పెద్దవాళ్లని అడగండి, ఎవరింట్లోనో ఒక సిమెంటు గొట్టం ముక్క ఇప్పటికీ పడి ఉంటుంది. డిజైన్ బాగోలేక పోయినవి కొన్ని, గొట్టంలో మసి పేరుకుపోయి తీసేవాళ్లు లేక మూలపడ్డవి అంతకంటే ఎక్కువ.

సంగటి_తెడ్డు

నేను వాడుతున్నాను కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. మాది హిందూపురం పక్క. మాకు ఇలాంటిదే ఒకటి ఇచ్చారు, సంస్థ పేరు వద్దులే.

మంచి ముందు చెప్తా. పప్పు, చారు, అన్నం, పాలు దీని మీద బాగా అవుతాయి. పుల్లలు తక్కువ పడతాయి, అది నిజం. కంది కట్టె, మల్బరీ కట్టె చిన్న చిన్న ముక్కలు విరిచి పెడితే మంట గుయ్యిమని పైకి లేస్తుంది. గిన్నెల అడుగు మసి కూడా తక్కువే, తోమే పని తగ్గింది. వానాకాలం పంచలోకి తీసుకుపోయి వండుకోవచ్చు, అది నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు కష్టం విను. మాకు రెండు పూటలా సంగటి. సంగటి అంటే రాగిపిండి వేశాక కుండని రెండు కాళ్ల మధ్య అదిమి పట్టుకున్నట్టు పట్టుకొని తెడ్డుతో బలంగా గెలకాలి. ఈ పొయ్యి డబ్బాలా నిలబడి ఉంటుంది, పైన కుండ, గెలికితే మొత్తం ఊగుతుంది. ఒకసారి ఒరిగి మా తోటికోడలి కాలి మీద వేడి ఎసరు పడింది. తరవాత మేమే చుట్టూ రాళ్లు పేర్చి మట్టితో మెత్తి కదలకుండా చేసుకున్నాం. అప్పుడు బాగుంది, కానీ కింద బూడిద తీసే దారి మూసుకుపోయింది, దానికి మళ్లీ ఒక కంత పెట్టాల్సొచ్చింది. ఇచ్చేవాళ్లు ఒక్కరన్నా సంగటి గెలికి చూశారా అని నాకు అనుమానం. రొట్టెలకీ పెనం అంతటా సమంగా వేడెక్కదు, నడుమ మాడిపోతుంది, చుట్టూ పచ్చిగా ఉంటుంది. అందుకని పాత పొయ్యి తీసేయలేదు. మా వీధిలో ఎవ్వరూ తీసేయలేదు.

ఇంకోటి, నిప్పు_లెక్క గారు చెప్పిన జల్లెడ ఉంది చూడు, మొదట పోయేది అదే. ఎర్రగా కాలి కాలి వంగిపోయి, ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. అది పోతే కట్టె కిందికి కూలబడి ఒకటే పొగ. ఇచ్చిన రోజు వచ్చి ఒక్కొక్కరిని పొయ్యి పక్కన నిలబెట్టి ఫోటో తీశారు, ఫోన్‌లో లొకేషన్ కొట్టుకున్నారు. జల్లెడ పోయినప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి మా ఊరి వెల్డింగ్ షాపులో ఇనుప కడ్డీలు అతికించి ఒకటి చేయించుకున్నా, అది ఇప్పటికీ ఉంది.

నా మాట వింటే ఊరందరికీ ఒకేసారి తీసుకోవద్దు. రెండు మూడు పొయ్యిలు ఊరికే ఇచ్చి పొమ్మను. ఊళ్లో వంట దగ్గర అస్సలు రాజీపడని అత్తగార్లు ఉంటారు కదా, వాళ్ల ఇళ్లలో పెట్టించు. ఒక నెల చూడు. వాళ్లు బాగుందంటే ఊరంతా వాడుతుంది, వాళ్లు బయట పారేస్తే ఎంత మీటింగు పెట్టినా లాభం లేదు.

ఆకుపచ్చ_కాగితం

300కి మూడు వేలది ఎలా ఇస్తున్నారు అన్నదానికి నేను చెప్తాను. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఇంటింటి సర్వే చేశాను.

వాళ్లు మోసగాళ్లు అయి ఉండాలని లేదు. లెక్క ఇలా ఉంటుంది. మీ ఇల్లు ఇంతకుముందు ఏడాదికి ఇంత కట్టె కాల్చేది, కొత్త పొయ్యితో ఇంత తగ్గింది, ఆ తగ్గిన కట్టెలో అడవి తిరిగి పెంచుకోలేని భాగం ఇంత అని ఒక శాతం వేసి, దాన్ని కార్బన్ డయాక్సైడ్ టన్నుల్లోకి మారుస్తారు, ఒక టన్ను తగ్గితే ఒక కార్బన్ క్రెడిట్. ఒక్కో పొయ్యికి ఏడాదికి ఒకటి నుంచి మూడు క్రెడిట్లు రాసుకోవడం మామూలు. ఆ క్రెడిట్లని విదేశీ కంపెనీలు కొంటాయి, తమ కాలుష్యానికి బదులుగా చూపించుకోవడానికి. పొయ్యి ధర, జీపు, జీతాలు, ఫోటోలు తీసే యాప్, అన్నీ ఆ డబ్బులోంచే. కాబట్టి మీ అమ్మగారు ఆ పొయ్యి వాడటమే వాళ్ల సరుకు. ఇది మీ అక్కకి స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే అడుక్కునే స్థానంలో ఉన్నది మీరు కాదు.

చిక్కు ఎక్కడంటే వాడకం లెక్కలో. సంగటి_తెడ్డు గారి వీధిలాగా పాత పొయ్యి పక్కనే కాలుతున్నా, మూడు పూటలా కొత్తదే వాడుతున్నారు అని రాసుకుంటే క్రెడిట్లు పెరుగుతాయి. సర్వేకి వెళ్లిన పిల్లవాడు 'వాడుతున్నారా అమ్మా' అని అడుగుతాడు, ఇచ్చినవాళ్లని బాధపెట్టడం ఎందుకని ఆవిడ 'ఆ, వాడుతున్నాం నాయనా' అంటుంది. ఆవిడ అన్న ఆ 'ఆ' మీదే లెక్క నడుస్తుంది. 2024 జనవరిలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ పరిశోధకులు ప్రపంచంలోని పొయ్యిల ప్రాజెక్టులని తిరగదోడి, తాము చూసిన వాటిలో సగటున అసలు తగ్గిందానికంటే 9 రెట్లకు పైగా ఎక్కువ క్రెడిట్లు ఇచ్చారని తేల్చారు. అదే ఏడాది అక్టోబరులో ఈ వ్యాపారం చేసే ఒక కంపెనీ మాజీ సీఈఓ మీద అమెరికాలో కేసు కూడా పెట్టారు. అప్పటినుంచి కొనేవాళ్లు గట్టిగా నిలదీస్తున్నారు, కొలతలు కూడా కఠినం అవుతున్నాయి. నిజాయితీగా చేసే సంస్థకి ఇది మంచిదే.

పట్టాల భయం గురించి: కార్బన్ హక్కు అంటే ఆ పొయ్యి వల్ల తగ్గిన పొగని మా ఖాతాలో రాసుకుంటాం అని మాత్రమే ఉండాలి. భూమికీ, అటవీ హక్కుల పట్టాకీ దానితో సంబంధం లేదని ఆ కాగితంలోనే ఒక వాక్యం రాయించండి. నోటితో చెప్తే సరిపోదు. కాగితం తెలుగులో ఉండాలి, కాపీ ఒకటి సంఘం దగ్గర ఉండాలి. ఎన్నేళ్లకి ఒప్పందం, ఆ ఏళ్లలో పొయ్యి పాడైతే ఎవరు మార్చాలి, మధ్యలో మేం పూర్తిగా గ్యాస్‌కి మారిపోతే ఏమైనా అడ్డు చెప్తారా, ఇవి రాతలో ఉండాలి. చివరిది చాలా ముఖ్యం, ఊరు గ్యాస్‌కి మారితే వాళ్ల క్రెడిట్లు పోతాయి కదా.

ఒక మంచి ఉదాహరణ చెప్తాను. హిందూపురానికి దగ్గరలోనే, కర్ణాటక చిక్కబళ్లాపురం జిల్లాలో బాగేపల్లి ఉంది, అక్కడ చాలా ఇళ్లలో తెలుగే. అక్కడి కూలీల సంఘం 5,500 ఇళ్లకు బయోగ్యాస్ ప్లాంట్ల ప్రాజెక్టుని 2005లో ఐక్యరాజ్య సమితి కార్బన్ పద్ధతిలో రిజిస్టర్ చేయించుకుంది. బయటి కంపెనీ వచ్చి వేలిముద్ర తీసుకోవడం కాదు, సంఘమే ప్రాజెక్టు. ఇంటింటి రికార్డు వాళ్లే రాసుకున్నారు. మీ ఊరు ఒక్కదానివల్లే అలా చేయడం కుదరదు గానీ, మండల సమాఖ్య స్థాయిలో కూర్చుని మాట్లాడితే బేరం మాత్రం వేరేగా ఉంటుంది.

పీహెచ్‌సీ_డాక్టర్

ఏజెన్సీలో పనిచేశాను కాబట్టి రెండు మాటలు. కొండదారి గారూ, ముందు అమ్మగారిని చూపించండి. ఏడాది పొడుగునా దగ్గు అంటే పొగ వల్లే అని వదిలేయకండి, తెమడ పరీక్ష చేయించండి, టీబీ లేదని తేలాలి. ఆ తర్వాత ఊపిరితిత్తుల పరీక్ష. మా దగ్గరికి జీవితంలో ఒక్క బీడీ కూడా తాగని ఆడవాళ్లు, పాతికేళ్లు బీడీలు తాగిన మనిషిలా ఆయాసపడుతూ వచ్చేవారు.

వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లల న్యుమోనియా, పెద్దవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు, కంటిలో శుక్లాలు, అన్నిట్లో దీని వాటా ఉంది. పొయ్యి మారిస్తే ఇవన్నీ తగ్గుతాయా అంటే అంత తేలిక కాదు. ఆఫ్రికాలో మలావీలో పదివేల మందికి పైగా చిన్నపిల్లలున్న ఇళ్ల మీద పెద్ద అధ్యయనం జరిగింది, ఫ్యాన్ ఉన్న మంచి పొయ్యిలే ఇచ్చారు, అయినా న్యుమోనియాలో తేడా రాలేదు. ఎందుకంటే పొగ సగం తగ్గినా మిగిలిన సగం ఊపిరితిత్తులకి ఇంకా చాలా ఎక్కువే. సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంటే, మూడు రాళ్ల పొయ్యి ఉన్న మూసిన వంటింట్లో అది వందల్లో ఉంటుంది. దాన్ని సగం చేస్తే ఎక్కడికి చేరతాం?

అందుకని నా సలహా, ఆ పొయ్యి తీసుకోండి, తప్పేం లేదు, కట్టెల మోత తగ్గుతుంది, నడుము నొప్పులు తగ్గుతాయి. కానీ ఆరోగ్యానికి గ్యాసే. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, ముందు కడితే తర్వాత ఖాతాలో పడుతుంది. అవి పూర్తిగా వాడుకుంటున్నారా? మా ప్రాంతంలో చాలా ఇళ్లు వాడుకునేవి కావు. ఈ సంస్థతో ఆగిపోకుండా వంటింటికి ఒక కిటికీ, కప్పులో పొగ పోవడానికి ఒక దారి పెట్టించండి. పసిపిల్లని వీపున కట్టుకుని వంట చేయడం మాన్పించండి, అది ఈరోజే చేయగలిగిన పని.

కొండదారి

అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, అమ్మని ఈ వారమే తీసుకెళ్తాను. మీ మాట కాదనడం లేదు గానీ గ్యాస్ గురించి ఒకటి చెప్పాలి. సిలిండర్ ఉచితమే, కానీ అది మా ఇంటికి రాదు. రోడ్డు ఉన్నంతవరకు ఆటో, తర్వాత భుజం మీద. ముందు కట్టాల్సిన డబ్బు కూడా పిప్పళ్లు, కాఫీ అమ్ముడుపోయిన నెలల్లోనే చేతిలో ఉంటుంది. కట్టె అయితే ఇంటెనకే ఉంది, రూపాయి ఖర్చు లేదు. అందుకే సర్వేల్లో మా రాష్ట్రంలో నూటికి 83 ఇళ్లకు పైగా గ్యాసే అని వస్తున్నా మా కొండ మీద మాత్రం పొద్దున్నే ఏ కప్పు చూసినా పొగే కనిపిస్తుంది.

మీటింగులో సంగటి_తెడ్డు అక్క చెప్పింది చదివి వినిపించాను. మా వాళ్లు వెంటనే కుండ సైజు అడిగారు, మా అంబలి కుండ దాని మీద నిలబడుతుందా అని. నిజానికి ఆ సంస్థ వాళ్లు చూపించింది చిన్న స్టీలు గిన్నె పెట్టి టీ కాచిన వీడియో.

ఇంకో సందేహం. కొందరు అంటున్నారు, 300 కూడా ఎందుకు, ఊరికే ఇమ్మనండి అని. మా అక్క ఏమో కట్టాల్సిందే, కడితేనే అడిగే హక్కు ఉంటుంది అంటోంది. ఏది నయం?

ఊరూరా_అమ్మాను

మీ అక్క చెప్పిందే కరెక్టు. నేను ఇలాంటి పొయ్యిలు అమ్మే కంపెనీలో సేల్స్‌లో ఉండేవాణ్ణి, సంఘాల ద్వారానే అమ్మేవాళ్లం. ఊరికే ఇచ్చినచోట పొయ్యి కోళ్ల గూటి మీదికి ఎక్కేది. అయితే ఒక్కసారే కట్టమంటే పేద ఇళ్లు దూరం అవుతాయి. నైరోబీలో బొగ్గు పొయ్యి మీద చేసిన ఒక అధ్యయనం ఉంది, 40 డాలర్ల పొయ్యి ఏడాదికి 120 డాలర్ల దాకా బొగ్గు ఖర్చు ఆదా చేస్తోంది, అయినా చేతిలో డబ్బు పెట్టి కొనమంటే జనం 12 డాలర్లకు మించి ఇవ్వలేకపోయారు. వాయిదాల్లో కట్టొచ్చు అనగానే ఇవ్వగలిగేది రెట్టింపు అయింది. మనకి డ్వాక్రా సంఘం ఉంది, నెలకి ముప్పై యాభై చొప్పున పొదుపుతో పాటు వసూలు చేయండి. కానీ నైరోబీలో బొగ్గు కొంటారు, మీరు కట్టె కొనరు. ఆదా అంటే మీకు డబ్బు కాదు, ఆడవాళ్ల నడక. దానికి ఎంత విలువ కట్టాలన్నది మగవాళ్లు ఒక్కళ్లే కూర్చుని తేల్చకూడదు.

అసలు విషయం సర్వీసు. పొయ్యి అమ్మిన లాభంతో సంస్థ బతకదు, అందుకే ఒకటి అమ్మాక మళ్లీ మీ ఊరికి వచ్చే ఖర్చు వాళ్లకి భారం. ఊర్జా అని ఒక పొయ్యి వచ్చింది, 2006 ప్రాంతంలో. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ల డిజైన్, బీపీ లాంటి పెద్ద చమురు కంపెనీ పెట్టుబడి, చిన్న ఫ్యాన్‌తో గ్యాస్‌లాగా మండేది, వస్తువుగా దానికి వంక పెట్టడానికి లేదు. దాదాపు 4 లక్షల ఇళ్లకు చేరింది. అయితే దానికి పంట వ్యర్థాలతో చేసిన గుళికలే కావాలి, ఆ పంట వ్యర్థాల ధర పెరిగింది, గుళికల ధర పెరిగింది, ఇళ్లవాళ్లు కొనడం మానేశారు. బీపీ తప్పుకున్నాక తీసుకున్న సంస్థ మెల్లగా హోటళ్ల వంటశాలల వైపు వెళ్లిపోయింది. మీకు ఇచ్చేది మామూలు కట్టెతో నడిచేదే కాబట్టి ఆ బాధ లేదు, కానీ జల్లెడకి అయినా మళ్లీ వాళ్ల మీదే ఆధారపడాలి కదా.

మీ పక్క రాష్ట్రం ఒడిశాలోనే 44 ఊళ్లలో, 2,600 ఇళ్ల మీద కొన్నేళ్లపాటు చూశారు. పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిలు. మొదటి ఏడాది పొగ తగ్గింది. తర్వాత రిపేర్లు చేసుకోక, వాడకం తగ్గి, నాలుగేళ్లకి ఆరోగ్యంలోనూ కట్టెలోనూ తేడా లేకుండా పోయింది. అందుకని బేరం పెట్టేటప్పుడు ధర తగ్గించమని అడక్కండి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక మనిషికి, వీలైతే ఒక అమ్మాయికి, రిపేరు నేర్పించి నెలనెలా ఎంతో కొంత ఇమ్మనండి, విడి జల్లెడలు సంఘం ఆఫీసులో స్టాకు పెట్టమనండి. అది సంస్థకి కూడా లాభమే, వాడకం నిలబడితేనే వాళ్ల క్రెడిట్లు నిలబడతాయి. దీనికి ఒప్పుకోని సంస్థ రెండో ఏడాది కనపడదు, నా అనుభవంలో ఇది చాలావరకు తప్పలేదు.

కొండదారి

ఇది అక్కకి ఫోన్‌లో చదివి వినిపించాను, వెంటనే రాసుకుంది. మూడు పొయ్యిలు ముందు ట్రయల్‌కి, తెలుగు కాగితం, ఊళ్లో రిపేరు మనిషి, ఇవి లేకుండా వేలిముద్రలు వేయించేది లేదని చెప్పేసింది. వాళ్లు హెడ్డాఫీసుని అడిగి చెప్తామన్నారు. ఒకవేళ ట్రయల్‌కి ఒప్పుకుంటే, కట్టె నిజంగా తగ్గిందో లేదో మేమే కొలుచుకునే పద్ధతి ఏమైనా ఉందా? వాళ్ల సర్వే మీద ఆధారపడకుండా.

నిప్పు_లెక్క

ఉంది, పెద్ద మిషన్లు ఏమీ అక్కర్లేదు. సంతలో వాడే స్ప్రింగ్ కాటా ఒకటి తెచ్చుకోండి. పొయ్యి రాకముందు ఒక వారం, వచ్చాక ఇంట్లో వాళ్లకి చేయి అలవాటు పడనిచ్చి, మూడు నాలుగు వారాల తర్వాత ఇంకో వారం కొలవాలి. పొద్దున ఒక మోపు తూచి పక్కన పెట్టి, ఈరోజు ఇందులోంచే తీయమని చెప్పండి, మర్నాడు అదే వేళకి మిగిలింది తూచండి. తేడా ఆ రోజు వాడకం. ఎంతమంది తిన్నారో కూడా రాయండి, చుట్టాలు వచ్చిన రోజు లెక్క పాడవుతుంది. రెండు వారాలకీ ఒకే రకం కట్టె, ఒకేలా ఎండినది ఉండాలి. స్నానాల నీళ్లకి పాత పొయ్యి వెలిగిస్తే దానికి వాడిన కట్టె కూడా అదే మోపులోంచి తీయాలి, ఇది మాత్రం గట్టిగా చెప్పండి, లేకపోతే కొత్త పొయ్యి లెక్క ఉత్తినే గొప్పగా కనిపిస్తుంది. సంతలు, పండగలు ఉన్న వారాలు వదిలేయండి. కొత్త పొయ్యి తీసుకోని రెండు ఇళ్లలో కూడా అవే వారాల్లో తూచి పెట్టుకోండి, చలి పెరిగి కట్టె ఎక్కువ కాలిందా లేక పొయ్యి వల్లా అన్నది తెలుస్తుంది.

ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, కూర్చుని లెక్క చూద్దాం. అంబలి కుండ అడుగు వెడల్పు ఎంతో కూడా కొలిచి పెట్టండి, దాన్నిబట్టి ఆ పొయ్యి మీద నిలబడుతుందో లేదో ముందే చెప్పొచ్చు.

సంగటి_తెడ్డు

నేను చేయించుకున్న జల్లెడ ఫోటో, కొలతలు రేపు పెడతా తమ్ముడూ. మీ ఊరి దగ్గర వెల్డింగ్ షాపు ఉంటే కడ్డీ కొంచెం లావుది తీసుకోమను, సన్నవి నిలవవు.